ప్లాస్టిక్ మోడళ్లకు ప్రైమర్: ఏది వాడాలి, మన ఊళ్లలో ఎక్కడ దొరుకుతుంది?

గోదారి_గట్టు | రాజమండ్రి

అందరికీ నమస్కారం. 1/72 స్కేలులో (అసలు దానిలో 72వ వంతు) మిగ్-21 యుద్ధవిమానం ప్లాస్టిక్ మోడల్ చేస్తున్నాను. అతుకులకు పుట్టీ పెట్టి అరగదీయడం అయిపోయింది. నీళ్లతో కలిపే అక్రిలిక్ రంగు ఒకటి రెక్కల మీద వేసి, రెండో రంగు కోసం మాస్కింగ్ టేప్ అంటించాను. టేప్ తీస్తే కింద రంగు కూడా దాంతోపాటే వచ్చేసింది. ప్రైమర్ (రంగు పట్టుకోవడానికి ముందుగా వేసే పొర) లేకపోతే అంతే అని వీడియోల్లో చెబుతున్నారు. సరే కొందామని చూస్తే ఆన్‌లైన్‌లో ఏది నొక్కినా స్టాక్ లేదు. ఉన్న ఒక్కటీ కిట్ ధరలో సగం ఉంది. మా వీధి చివర హార్డ్‌వేర్ షాపులో అడిగితే గోడకా, చెక్కకా, ఇనుముకా అన్నాడు. విమానానికి అన్నాను. ఇంకేం మాట్లాడలేదు.

ఇంట్లో గోడలకు వేయగా మిగిలిన వాటర్ బేస్ ప్రైమర్ అర డబ్బా ఉంది. అది పనికొస్తుందా? లేకపోతే ఏది కొనాలి, ఎక్కడ దొరుకుతుంది? 0.3 మి.మీ. నాజిల్ ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే చిన్న గన్), చిన్న కంప్రెసర్ ఉన్నాయి.

నిప్పర్ | హైదరాబాద్

గోడ ప్రైమర్ మాత్రం వద్దన్నా. మా రూమ్మేట్ ఒక రోబో బొమ్మకు కొట్టాడు. వారం ఆగి గోరుతో గీకితే పొరంతా లేచి వచ్చింది. ఎక్కడైనా దొరికితే మోడళ్ల కోసమే చేసే ప్రైమర్, మిస్టర్ సర్ఫేసర్ 1500 కొనెయ్. ఇంకో ఆలోచన పెట్టుకోకు.

పాతకిట్లు | విశాఖపట్నం

గోడ ప్రైమర్ సిమెంటు లాంటి పీల్చుకునే వాటికి. ప్లాస్టిక్ దేన్నీ పీల్చుకోదు. పైగా అందులో వేసే పొడి ముతకగా ఉంటుంది, ప్యానెల్ గీతలు పూడిపోతాయి. ఆ డబ్బా గోడకే ఉంచండి.

ఏ ప్రైమర్ అని అడిగే ముందు, పైన ఏ రంగు వేస్తున్నారో చూసుకోవాలి. మన కిట్లు పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్. లాకర్ అంటే ఘాటైన ద్రావకంతో (థిన్నర్) పల్చన చేసే రంగు. ఆ థిన్నర్ ప్లాస్టిక్ పైపొరను కాస్త మెత్తబరిచి అందులోకి దిగుతుంది. అందుకే అవి పట్టు వదలవు. ఎనామెల్ నిదానంగా ఆరినా చివరికి గట్టిగానే పట్టుకుంటుంది. నీళ్ల అక్రిలిక్ మాత్రం పైపైన కూర్చుంటుంది. దానికి ప్రైమర్ తప్పనిసరి. మీ టేప్‌తో వచ్చిన తంటా అదే. నేను లాకర్ వేసే మోడళ్లలో చాలావాటికి అసలు ప్రైమర్ కొట్టను.

ఇంకొక్క మాట. రంగుకు ముందు మోడల్ కడిగారా? కిట్ అచ్చులోంచి తేలిగ్గా ఊడిరావడానికి పూసే జిడ్డు కొంచెం మిగిలి ఉంటుంది. అరగదీసిన పొడి, మన చేతి నూనె సరేసరి. గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, మెత్తటి టూత్‌బ్రష్‌తో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. ఆ తర్వాత చేతులకు గ్లవ్స్. ఈ పని చేయకుండా ఎంత ఖరీదైన ప్రైమర్ కొట్టినా లాభం లేదు.

ఎర్రమట్టి | వరంగల్

మాస్టారూ, లాకర్‌కు ప్రైమర్ అక్కర్లేదన్న మాట కొత్తవాళ్లు పట్టుకుంటే కష్టం. పట్టు కోసమే అయితే మీరన్నది నిజమే. కానీ నేను ట్యాంకులు చేస్తాను. ఒకే మోడల్ మీద ఆలివ్ రంగు ప్లాస్టిక్, తెల్లటి పుట్టీ, బూడిద రంగు రెజిన్, పల్చటి ఇత్తడి రేకు ముక్కలు ఉంటాయి. వీటన్నిటి మీద ఒకే రంగు నేరుగా కొడితే ఒక్కోచోట ఒక్కోలా కనిపిస్తుంది. ఇత్తడికైతే లాకర్ కూడా పట్టుకోదు, దాన్ని కరిగించడం ఎవరి తరం?

అసలు ప్రైమర్ నాకు పనికొచ్చేది తప్పులు పట్టడానికి. ఉప్పు కాగితంతో రుద్దినప్పుడు అతుకు కలిసిపోయిందనే అనిపిస్తుంది. వేలితో తడిమినా తెలియదు. దాని మీద బూడిద రంగు ప్రైమర్ సన్నగా కొట్టి, దీపం కింద మోడల్‌ను అటూ ఇటూ తిప్పండి. ఫిరంగి గొట్టం పొడవునా వెంట్రుకంత గీత బయటపడుతుంది. అప్పుడు 1000 నంబరు నీటి కాగితంతో అక్కడ మాత్రం రుద్ది, మళ్లీ కొట్టాలి. అసలు రంగు వేశాక అది కనిపిస్తే ఏడ్వడం తప్ప చేసేదేం లేదు.

పాతకిట్లు | విశాఖపట్నం

ఇత్తడి సంగతి ఒప్పుకుంటున్నాను. అతుకు సంగతి మాత్రం ఒప్పుకోను. అతుకు మీద వెండి రంగు ఒక చుక్క రాసి చూస్తే చాలు, అంతకంటే బాగా ఏదీ చూపించదు. దాని కోసం మోడల్ మొత్తానికి ఒక పొర పెంచడం దేనికి?

ఎర్రమట్టి | వరంగల్

మీ పాత పద్ధతి మీది 🙂

ఆటోనగర్_రంగులు | విజయవాడ

మాది కార్ల పెయింటింగ్ షెడ్. మోడళ్లు సాయంత్రం సరదా. ప్రైమర్ ఎక్కడ దొరుకుతుందని అడిగారు కాబట్టి చెబుతున్నా, సగం సమాధానం మా వీధిలోనే ఉంది. మీ ఊళ్లో కార్లకు టచింగ్ చేసే షెడ్లు ఎక్కడున్నాయో చూడండి. వాటి పక్కనే కలర్ మిక్సింగ్ మెషీన్ ఉన్న ఆటో పెయింట్ షాపు ఉంటుంది. అక్కడికి వెళ్లండి, హార్డ్‌వేర్ షాపుకు కాదు.

కానీ అక్కడ ‘ప్లాస్టిక్‌కు ప్రైమర్ ఇవ్వండి’ అని మాత్రం అడగొద్దు. మా దగ్గర ప్లాస్టిక్ ప్రైమర్ అంటే బంపర్లకు వేసేది. బంపర్లు ఎక్కువగా పాలీప్రొపిలీన్. దాని మీద మామూలుగా ఏ రంగూ నిలవదు, అందుకని ఘాటైన ద్రావకాల్లో కలిపిన ప్రత్యేకమైన మందు అది. మన కిట్ ప్లాస్టిక్‌కు దాని అవసరమే లేదు, పైగా ఆ ద్రావకం పాలీస్టైరీన్‌ను తినేస్తుంది. రెడ్ ఆక్సైడ్ అని అడిగితే కిటికీ గ్రిల్స్‌కు వేసే చిక్కటి సరుకు ఇస్తారు, అదీ వద్దు. హార్డ్‌నర్ (గట్టిపడే మందు) కలిపి వాడే 2కే పీయూ (రెండు భాగాల పాలీయురేథేన్) ప్రైమర్ గురించి కూడా ఆశ పెట్టుకోకండి. ఆ హార్డ్‌నర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకు పడితే జన్మంతా ఆస్తమా. మా షెడ్‌లోనే దానికి వేరే బూత్ ఉంది. ఇంట్లో ఆ మాటే వద్దు.

మీరు అడగాల్సింది ‘ఎన్‌సీ ప్రైమర్ సర్ఫేసర్, గ్రే, చిన్న డబ్బా’. ఎన్‌సీ అంటే నైట్రోసెల్యులోజ్, లాకర్ రకమే. దాంతోపాటు మంచి రకం ఎన్‌సీ థిన్నర్. గన్ కడగడానికి వాడే చవక థిన్నర్ అంటగడతారు, తీసుకోవద్దు. దాంతో కలిపితే తేమ రోజున తెల్లబారుతుంది. విడిగా పోయించుకుంటే గాజు సీసా పట్టుకెళ్లండి.

డబ్బా తెరవగానే వాడకూడదు. బరువైన పొడి అంతా అడుగున గట్టిగా పేరుకుని ఉంటుంది. పుల్లతో అడుగు గీకి, అది పూర్తిగా కలిసేదాకా తిప్పాలి. కొంచెం చిన్న కప్పులోకి తీసి, దానికి రెండింతలు థిన్నర్ పోసి, పెయింట్ జల్లెడలో వడకట్టండి. కప్పును వంచితే అది గోడ మీంచి జారి, వెనక పల్చటి పొర ఒకటి మిగలాలి. గడ్డల్లా జారితే ఇంకా చిక్కగా ఉంది. గోడకు ఏమీ అంటకపోతే మరీ పల్చనైంది. గాలి ఒత్తిడి 18, 20 పీఎస్ఐ దగ్గర, ముందు తుంపర్లు తుంపర్లుగా ఒక పొర, పది నిమిషాలు ఆగి ఇంకో పొర. తడిసి ముద్దయ్యేలా మాత్రం కొట్టకండి. థిన్నర్ ఎక్కువసేపు నిలిస్తే ప్లాస్టిక్ కరుగుతుంది.

ఒక లోపం ఉంది, అదీ చెప్పాలి. కారు మీద ఉప్పు కాగితం గీతలు పూడ్చడానికి పుట్టిన సరుకు ఇది. మందం కూడుతుంది. 50 మైక్రాన్ల పొర పడిందనుకోండి, 1/72 లెక్కలో అది 3.6 మిల్లీమీటర్లు. 1/35 ట్యాంకుకు ఫరవాలేదు, సన్న గీతలున్న మిగ్‌కు మాత్రం ఆలోచించుకోండి.

గోదారి_గట్టు | రాజమండ్రి

అమ్మో. మొన్న ఒక షాపులో నాకు సరిగ్గా ఆ బంపర్ ప్రైమరే తీసి బల్ల మీద పెట్టాడు. డబ్బులు తక్కువయ్యి వదిలేసి వచ్చాను. మీరు చెప్పింది రేపు వెళ్లి అడుగుతాను. థిన్నర్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుందో లేదో ముందే తెలుసుకునే దారి ఏదైనా ఉందా?

సైన్సు_టీచర్ | అనంతపురం

ఉంది. ఇదివరకు తెల్ల ప్లాస్టిక్ చెంచాల మీద పరీక్ష చేసేవాళ్లం. 2022 జూలై 1 నుంచి అవి నిషేధం కదా, ఇప్పుడు ఎక్కువగా దొరికేవి చెక్కవి. ఐస్‌క్రీమ్ కప్పుల మీద చేయకండి. అవి చాలావరకు పాలీప్రొపిలీన్, వాటి మీద ఏదీ అంటదు, మీ ప్రైమర్ బాగాలేదని పొరబడతారు. కిట్ ముక్కలు విరిచాక మిగిలే ఫ్రేమ్ ఉందిగా, అంతకంటే మంచి నమూనా లేదు. ముఖ్యంగా కిట్ నంబరు అచ్చువేసిన వెడల్పాటి ముక్క చూడండి. సన్నటి అక్షరాలు ప్రైమర్ కింద ఎంత పూడాయో అక్కడే తెలిసిపోతుంది.

ఇంట్లో పాత సీడీల గట్టి పారదర్శక కేసులు ఉంటే పారేయకండి. అవి కూడా పాలీస్టైరీనే. మోడల్ అద్దాల మీద ఏం జరుగుతుందో వాటి మీద చూడొచ్చు. ఘాటైన థిన్నర్ పడితే నెర్రెలు లేస్తాయి, వెలుతురుకు పెడితే స్పష్టంగా కనిపిస్తాయి.

పట్టు పరీక్ష ఇలా. ప్రైమర్ ఆరాక ఒక రోజు ఆగండి. బ్లేడుతో అడ్డంగా, నిలువుగా నాలుగైదు గీతలు గీసి గళ్లు చేయండి. దాని మీద టేప్ అదిమి, ఒక్కసారిగా లాగండి. గళ్లు ఊడకపోతే మోడల్ మీద కూడా ఊడదు. పెయింట్ పరిశ్రమలో చేసేది కూడా ఇదే పద్ధతి.

ఇక ఊపిరి సంగతి. కరోనా రోజుల నాటి ఎన్95 మాస్కు ధూళిని ఆపుతుంది, ఆవిరిని ఆపదు. ఎన్‌సీ థిన్నర్‌లో టోలుయీన్, అసిటోన్, బ్యుటైల్ ఎసిటేట్ లాంటివి ఉంటాయి. వాటికి సేంద్రియ ఆవిర్ల కార్ట్రిడ్జ్ ఉన్న సగం ముఖం మాస్కు కావాలి. త్రీఎం వాళ్ల 6001 కార్ట్రిడ్జ్ పారిశ్రామిక భద్రతా సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది. దాని ముందు ధూళి ఫిల్టర్ కూడా తగిలించుకోండి, స్ప్రే తుంపర కోసం. మాస్కు పెట్టుకున్నా వాసన తెలుస్తోందంటే కార్ట్రిడ్జ్ అయిపోయిందనో, మాస్కు ముఖానికి సరిగ్గా అతుక్కోలేదనో అర్థం.

మంట దగ్గర అస్సలు వద్దు. పొయ్యి అంటే అందరికీ తెలుసు. దేవుడి గదిలో దీపం, బాల్కనీలో దోమల చుట్ట ఎవరికీ గుర్తురావు.

నిప్పర్ | హైదరాబాద్

దోమల చుట్ట పాయింట్ కరెక్ట్ సార్. మా బాల్కనీలో అది రోజూ వెలుగుతుంది, ఇకనుంచి చూసుకుంటా.

క్యాన్ వాడేవాళ్లకు నావి నాలుగు ముక్కలు. టమియా కంపెనీ సర్ఫేస్ ప్రైమర్ స్ప్రే క్యాన్‌లో రెండు రకాలు ఉన్నాయి, మామూలుది, ఫైన్ అని రాసి ఉన్నది. విమానాలకు ఫైన్ తీసుకోండి. క్యాన్‌ను కొట్టే ముందు కాసేపు గోరువెచ్చటి నీళ్లలో ఉంచితే తుంపర సన్నబడుతుంది. గోరువెచ్చటి అన్నాను, వేడినీళ్లు కాదు, పొయ్యి మీద అసలే కాదు. క్యాన్ బాగా ఊపి, జాన దూరం నుంచి, మోడల్ బయట మొదలుపెట్టి మోడల్ దాటాక ఆపాలి. మోడల్ మీద బటన్ నొక్కితే అక్కడే చుక్క పడుతుంది.

హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు స్ప్రే డబ్బాలు కూడా కొట్టి చూశా. గ్రే ప్రైమర్ అని రాసి ఉన్నవి పెద్ద బొమ్మలకు నడుస్తాయి. కానీ ఒత్తిడి ఎక్కువ, ఒక్క సెకనులో వరద. చిన్న స్కేలుకు చెప్పను.

లేక్‌సైడ్ | డల్లాస్

ఈ చర్చ చూసి మా తమ్ముడు నిన్న ఫోన్ చేశాడు, సంక్రాంతికి వచ్చేటప్పుడు నాలుగు ప్రైమర్ క్యాన్లు పట్టుకురమ్మని. అందరికీ పనికొస్తుందని ఇక్కడే రాస్తున్నాను. స్ప్రే పెయింట్ క్యాన్లు విమానంలో చేతి సంచిలోనూ కుదరవు, చెక్ఇన్ పెట్టెలోనూ కుదరవు. లాకర్ థిన్నర్, లాకర్ ప్రైమర్ సీసాలు కూడా అంతే, మండే ద్రవాలు. సబ్బుల మధ్య చుట్టి పెడితే ఎవరు చూస్తారులే అనుకోవద్దు. విమానం నిండా మనుషులు ఉంటారు.

తీసుకురాగలిగింది నీళ్ల ఆధారిత ప్రైమర్లు. వయెహో సర్ఫేస్ ప్రైమర్, ఇక్కడ బ్యాడ్జర్ వాళ్ల స్టైనిల్‌రెజ్ లాంటివి. కంపెనీ భద్రతా పత్రం ఒక కాపీ తీసి, మండే స్వభావం లేదని రాసి ఉన్నచోట గుర్తుపెట్టి, సీసాతో పాటే పెట్టెలో ఉంచుతాను. కొనే ముందే ఆ పత్రం చూసుకోవడం మంచిది, పేరు ఒకటే అయినా సీసాకూ సీసాకూ తేడా ఉంటుంది.

ఇవి అక్రిలిక్ పాలీయురేథేన్లు. వాసన తక్కువ, అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకు హాయి. అయితే వీటి స్వభావం వేరు. ప్లాస్టిక్‌లోకి దిగవు, దాని చుట్టూ చర్మంలా బిగుసుకుంటాయి. కాబట్టి కడగకపోతే వీటి పని అయిపోయినట్టే. కనీసం ఒక రోజు, కుదిరితే రెండు రోజులు ముట్టుకోకండి. తొందరపడి ఉప్పు కాగితం పెడితే పొడి రాదు, సాగి పొరగా లేస్తుంది. స్టైనిల్‌రెజ్ ఇందులో కొంచెం నయం, రుద్దడానికి లొంగుతుంది. కానీ చిక్కగా ఉంటుంది, 0.3 నాజిల్ దగ్గర మొరాయిస్తుంది. 0.4, 0.5 అయితే 25 పీఎస్ఐ దాకా పెంచి కొడతాను. మధ్యమధ్యలో సూది మొన మీద ఎండిపోతుంది, బ్రష్‌తో తుడుచుకుంటూ ఉండాలి.

రెక్కల_రాజు | గుంటూరు

నా దగ్గర ఫైన్ గ్రే క్యాన్లు రెండు మిగిలాయి, సీల్ కూడా తీయలేదు. ఎవరికైనా కావాలంటే స్పీడ్ కొరియర్‌లో వెంటనే పంపిస్తా, ఇక్కడే మెసేజ్ పెట్టండి.

నిర్వాహకుడు

రాజు గారూ, అమ్మకాలకు వేరే విభాగం ఉంది, అక్కడ పెట్టండి. ఇంకో సంగతి, ఏరోసాల్ (స్ప్రే) డబ్బాలు యూఎన్ 1950 నంబరు కింద, మండే పెయింట్ సీసాలు యూఎన్ 1263 నంబరు కింద ప్రమాదకర సరుకుల లెక్క. విమానంలో వెళ్లే స్పీడ్ కొరియర్‌లో ‘బొమ్మలు’ అని రాసి పంపడం కుదరదు. రోడ్డు మార్గంలో పంపే సర్వీసు వాళ్లకు లోపల ఏముందో చెప్పి పంపండి, లేదా గుంటూరు వచ్చినవాళ్లకు చేతికివ్వండి. మన దేశంలో హాబీ షాపుల వాళ్లు క్యాన్లు ఎక్కువగా తెప్పించకపోవడానికి సగం కారణం ఇదే. చర్చ కొనసాగించండి.

పాతకిట్లు | విశాఖపట్నం

గోదారి గారూ, అందరూ ఏది కొనాలో చెబుతున్నారు, ఎప్పుడు కొట్టాలో ఎవరూ చెప్పడం లేదు. మన కోస్తాలో సగం మోడళ్లు పాడయ్యేది రంగు వల్ల కాదు, వాతావరణం వల్ల.

ముసురు పట్టిన రోజు లాకర్ ప్రైమర్ కొట్టారనుకోండి. థిన్నర్ వేగంగా ఆవిరైపోతూ మోడల్ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలోని తేమ వచ్చి ఆ చల్లటి చోట కూర్చుంటుంది. ఆరాక చూస్తే నల్ల ప్రైమర్ మీద బియ్యప్పిండి చల్లినట్టు తెల్లగా ఉంటుంది. కంగారుపడి రుద్దేయకండి. ఎండ కాసిన రోజు దాకా ఆగి, నిదానంగా ఆరే థిన్నర్‌ను ఒట్టిదాన్నే తుంపరగా ఒక్కసారి కొట్టండి. తెలుపు చాలావరకు పోతుంది. మిస్టర్ కలర్ లెవలింగ్ థిన్నర్‌లో ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ ముందే కలిపి ఉంటుంది, ఖరీదైనా నేను అదే వాడేది అందుకే.

మే నెలలో దీనికి తిరగబడుతుంది. 42 డిగ్రీల మధ్యాహ్నం తుంపర మోడల్‌ను చేరకముందే దారిలో ఎండిపోతుంది. పొడిగా వచ్చి పడుతుంది, చేత్తో తడిమితే గరుగ్గా ఉంటుంది. అలాంటప్పుడు తెల్లారి ఆరింటికి పని కానివ్వండి, మోడల్‌కు కొంచెం దగ్గరగా కొట్టండి, థిన్నర్ పాలు పెంచండి. కంప్రెసర్ గొట్టానికి నీటిని పట్టే ట్రాప్ లేకపోతే అది కూడా పెట్టించుకోండి. వానాకాలం దాని గిన్నెలో నీళ్లు చూస్తే మీకే అర్థమవుతుంది.

మా దగ్గర సముద్రపు గాలి వల్ల నేను ఒక తేమ మీటరు కొని గోడకు తగిలించాను. 80 శాతం దాటితే కంప్రెసర్ ఆన్ చేయను. ఆ రోజు అతుకులు రుద్దుకోవడమే.

గోదారి_గట్టు | రాజమండ్రి

చాలా విషయాలు తెలిశాయి, అందరికీ థాంక్స్. ఒకటి చెప్పడం మర్చిపోయాను. ఈ మిగ్‌ను పాత రోజుల్లో మనవాళ్లు నడిపినట్టు ఒట్టి లోహపు వెండి రంగులో చేద్దామని ఉంది. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వాయుసేన మిగ్-21లకు వీడ్కోలు చెప్పినప్పుడు మనసు మార్చుకున్నాను, ముందు అనుకున్నది బూడిద రంగు. వెండికి కూడా గ్రే ప్రైమరేనా?

ఎర్రమట్టి | వరంగల్

ఇది ముందే చెప్పాల్సింది! వెండికైతే లెక్క మొత్తం మారిపోతుంది. వెండి రంగులో లోహపు రేణువులు ఉంటాయి, కింద ఉపరితలం ఎలా ఉంటే అవి అలాగే పడుకుంటాయి. మాట్ గ్రే ప్రైమర్ గరుకు పైన కనిపిస్తుంది.

పాతకిట్లు | విశాఖపట్నం

అవును. అద్దంలా మెరిసే లోహం కావాలంటే కింద నిగనిగలాడే నలుపు వేస్తారు. కానీ ఎయిర్‌ఫోర్స్ వాడకంలో ఉన్న మిగ్ అద్దంలా ఉండదు. ఎండకూ వానకూ తడిసిన అల్యూమినియం అది. నా సలహా, సర్ఫేసర్ 1500 నలుపు రెండు సన్నటి పొరలు కొట్టండి. ఒక రోజు ఆగి, 2000 నంబరు నీటి కాగితాన్ని తడిపి, బరువు పెట్టకుండా ఒకసారి తిప్పండి. వేలితో రాస్తే ఎక్కడా గీసుకోకూడదు. దాని మీద లాకర్ వెండి. కొన్ని ప్యానెళ్లకు మాత్రం నిగనిగ నలుపు వేసి తేడా చూపించుకోవచ్చు.

ఆ సర్ఫేసర్ నంబర్ల గురించి కొత్తవాళ్లకు ఒక మాట. అవి దాదాపు ఉప్పు కాగితం నంబర్ల లాంటివే. 500 ముతక, అది పగుళ్లు పూడ్చడానికి. 1000, 1200 మధ్యరకం. 1500 అన్నిటికంటే సన్నం. 40 మిల్లీలీటర్ల సీసా తీసుకుని పల్చన చేసుకుంటే క్యాన్ కంటే ఎన్నో మోడళ్లకు వస్తుంది. ఎయిర్‌బ్రష్ ఉన్నవాళ్లు క్యాన్ల వెంట పడటం దండగ.

వానచినుకు | కర్నూలు

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాకు ఎయిర్‌బ్రష్ లేదు, హాస్టల్‌లో ఉంటాను, స్ప్రే కొడితే వార్డెన్ ఊరుకోడు. బ్రష్‌తో ప్రైమర్ వేయొచ్చా? చేస్తున్నది సూర్యకిరణ్ విన్యాసాల బృందం ఎరుపు తెలుపు హాక్ విమానం.

నిప్పర్ | హైదరాబాద్

వేయొచ్చు బ్రదర్. నీళ్ల ప్రైమర్‌ను వెడల్పాటి మెత్తటి బ్రష్‌తో రెండు పల్చటి పొరలు వెయ్. వేసినచోట మళ్లీ బ్రష్ తిప్పకు, చారలు పడతాయి. ఎరుపుకు కింద గ్రే, నలుపు ఉంటే ఎరుపు చచ్చిపోతుంది. తెలుపు ప్రైమర్ తీసుకో. పింక్ ప్రైమర్ దొరికితే ఎరుపు భాగానికి ఇంకా బాగుంటుంది, రెండు పొరల్లో నిండుగా వచ్చేస్తుంది. మేం రోబోల ఎర్ర కవచాలకు అదే వాడతాం.

రోబోలు చేసేవాళ్లకు కూడా ఒకటి. కీళ్లలో, ఒకదానిలో ఒకటి దూరే చోట ప్రైమర్ కొట్టకండి. ఆ పొర మందానికే కీలు బిగిసిపోయి, తిప్పితే రంగు గీసుకుపోతుంది. టేప్ వేసి వదిలేయండి.

పాతకిట్లు | విశాఖపట్నం

మా రోజుల్లో ప్రైమర్ అనే మాటే వినలేదు. హంబ్రాల్ కంపెనీ మాట్ ఎనామెల్ గ్రే ఒక పొర బ్రష్‌తో వేసి, రెండు రోజులు ఆరబెట్టేవాళ్లం. దాని మీద అక్రిలిక్ ఇప్పటికీ చక్కగా నిలుస్తుంది. హాస్టల్ కుర్రాడికి అది కూడా ఒక దారే. కాకపోతే టర్పెంటైన్ వాసన వార్డెన్‌కు నచ్చుతుందో లేదో.

గోదారి_గట్టు | రాజమండ్రి

టచింగ్ షెడ్ల వీధిలో నిజంగానే దొరికింది. ఎన్‌సీ ప్రైమర్ సర్ఫేసర్ అనగానే ‘ఏ బండి?’ అన్నాడు. మిగ్ అని చెప్పలేదు, ఈసారి తెలివి తెచ్చుకున్నాను. పావు లీటరు ఇచ్చాడు.

ఫ్రేమ్ ముక్కల మీద ఒక దానికి రెండు, ఒక దానికి మూడు వంతుల థిన్నర్ కలిపి చూశాను. రెండు వంతులది కొంచెం గరుగ్గా వచ్చింది, మూడు వంతులది నునుపు. మర్నాడు గళ్లు గీసి టేప్ లాగితే ఒక్క గడి కూడా ఊడలేదు. తడి కాగితంతో రుద్దితే పొడిగా, హాయిగా అరుగుతోంది. అయితే ఆటోనగర్ గారు చెప్పినట్టే అయింది. కిట్ నంబరు అక్షరాలు అంచులు గుండ్రమయ్యాయి. పాత విరిగిన రెక్క ఒకటి ఉంటే దాని మీద కూడా కొట్టాను, సన్న గీతలు సగం పూడాయి. కడిగి పక్కనపెట్టిన మిగ్ మీద దాన్ని కొట్టడానికి మనసు రావడం లేదు. సర్ఫేసర్ 1500 నలుపు సీసా బెంగళూరు నుంచి రోడ్డు కొరియర్‌లో వస్తోంది, పది రోజులన్నారు. ఈ ఎన్‌సీ డబ్బా మా అబ్బాయి మొదలుపెట్టిన 1/35 టీ-55 ట్యాంకుకు వాడతాం.

ఆటోనగర్_రంగులు | విజయవాడ

మంచి పని చేశారు. ట్యాంకుకైతే ఆ గరుకు కూడా పనికొస్తుంది, పోతపోసిన టరెట్ మీద అదే అందం. డబ్బా మూత గట్టిగా బిగించి, తలకిందులుగా కాకుండా నిలువుగా, నీడలో పెట్టండి. చిక్కబడితే థిన్నర్ కలుపుకోవచ్చు.

గోదారి_గట్టు | రాజమండ్రి

ఒక్క చివరి ప్రశ్న. కాక్‌పిట్ అద్దం ఫ్రేముకు కూడా ప్రైమర్ కొట్టాలా? సీడీ కేసు మీద ఎన్‌సీ కొడితే సారు చెప్పినట్టు నెర్రెలు వచ్చాయి.

సైన్సు_టీచర్ | అనంతపురం

ఎన్‌సీ అక్కడ వద్దే వద్దు. సర్ఫేసర్ అయినా తడిగా కొడితే ప్రమాదమే, ముందు ఆ సీడీ కేసు మీదే చూసుకోండి.

పాతకిట్లు | విశాఖపట్నం

అద్దానికి లోపల, బయట మాస్క్ వేసి, ముందు కాక్‌పిట్ లోపలి రంగు సన్నగా కొట్టండి. లోపలి నుంచి చూస్తే కనిపించేది అదే. దాని మీద నలుపు సర్ఫేసర్ ఎండు తుంపరగా ఒక్క పొర, ఆ పైన వెండి. మాస్క్ తీసేటప్పుడు అంచు వెంట బ్లేడు మొన ఒకసారి నడిపించి, అప్పుడు లాగండి.